లాయరు కావలెను: హత్య కేసు కాదు, కాగితం కేసు

"రాజకీయ హత్యల మీద సొంతంగా పరిశోధన చేస్తున్నానండీ, మీ సాయం కావాలి" అని ఏ లాయరు దగ్గరైనా అని చూడండి. కొందరు ఫోను తీసి చూసుకోవడం మొదలుపెడతారు, కొందరు జూనియర్‌ని పిలిచి "సార్‌కి టీ ఇచ్చి పంపించు" అంటారు, ఒకాయనైతే నేరుగా "ముందు మీరు ఏ పార్టీయో చెప్పండి" అన్నాడు. ఏ పార్టీ కాదంటే నమ్మలేదు. జర్నలిస్టా? కాదు. చనిపోయినాయనకి బంధువా? కాదు. పోనీ పీహెచ్‌డీ చేస్తున్నారా? అదీ లేదు. ఉద్యోగం చేసుకుంటూ, సెలవులొస్తే పాత తీర్పులూ విచారణ కమిషన్ల నివేదికలూ చదువుకునే మనిషిని. "మరి మీకెందుకండీ ఇదంతా?" అన్నాడాయన. ఆ ప్రశ్న చాలామంది అడుగుతారు, ఇంట్లోవాళ్ళతో సహా, దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(2) ప్రకారం సమాచారం ఎందుకు కావాలో కారణం చెప్పక్కర్లేదు. ఆ సెక్షన్ నాకు భలే ఇష్టం.

చివరికి నా పని ఒప్పుకున్నది రిట్లు, సర్వీసు కేసులు చూసుకునే ఒక మేడం. క్రిమినల్ లాయరు కూడా కాదు. నేను సంచీలోంచి ఫైళ్ళు తీస్తూ కథ మొదలుపెట్టాను: ఎవరికి లాభం, ఎవరు ఎవరితో మాట్లాడారు, ఏ సాక్షి ఎందుకు మాట మార్చాడు. ఆవిడ ఓపిగ్గానే విని, పెన్ను మూత పెట్టేసి, "ఎవరు చంపారో నాకు చెప్పకండి. మీ చేతికి రాని కాగితం ఏదో చెప్పండి. దాని పేరేంటి, తేదీ ఏంటి, ఇప్పుడు ఎవరి బీరువాలో ఉంది?" అన్నారు. నా దగ్గర అప్పటికి వందల పేజీల నోట్సు ఉంది, ఆ ప్రశ్నకి మాత్రం ఒక్క కాగితం పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆవిడ అన్నది ఈ రంగం చరిత్ర మొత్తానికి సరిపోతుందని తర్వాత చదువుతుంటే అర్థమైంది. కోర్టుకి వెళ్ళి "నిజం తేల్చండి" అన్నవాళ్ళకి దాదాపు ఎప్పుడూ ఏమీ దక్కలేదు. "ఫలానా పేజీ ఇప్పించండి" అన్నవాళ్ళకి ఆలస్యంగానైనా, అరకొరగానైనా ఏదో ఒకటి దక్కింది.

ఇందులో అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన మనిషి హెరాల్డ్ వైస్‌బర్గ్. అమెరికాలో ఒకప్పుడు సెనేట్ కమిటీలో పరిశోధకుడిగా పనిచేసి, తర్వాత మేరీల్యాండ్‌లో కోళ్ళ ఫారం పెట్టుకున్నాడు. కెనెడీ హత్య మీద ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ రిపోర్టు చదివి ఒప్పుకోలేకపోయాడు. పుస్తకం రాస్తే ప్రచురణకర్త దొరక్క సొంత డబ్బుతో అచ్చు వేసుకున్నాడు. ఇలాంటివాళ్ళు అప్పట్లో చాలామందే ఉన్నారు, కానీ ఈయన 1970లో కోర్టుకి వెళ్ళి అడిగింది చూడండి, ఎవరు చంపారో చెప్పమని కాదు, తూటా ముక్కల్లో ఏ లోహాలున్నాయో చూడటానికి ఎఫ్‌బీఐ ల్యాబ్ చేసిన స్పెక్ట్రోగ్రాఫిక్ పరీక్ష ఫలితాలు ఇవ్వమని. అంతే. ఒక ల్యాబ్ పరీక్ష. తర్వాత ఆయన కేసులు నడిపిన లాయరు జిమ్ లెసార్ అప్పటికి కుర్రాడు.

ఓడిపోయారు. 1973లో అప్పీలు కోర్టులో ముందు గెలిచినట్టే గెలిచి, పూర్తి బెంచి కూర్చున్నాక ఓడిపోయారు. దర్యాప్తు ఫైలు అని ముద్ర పడితే చాలు, ఎంత పాతదైనా, ఎంత చిన్నదైనా ఇవ్వక్కర్లేదని కోర్టు అనేసింది. సుప్రీంకోర్టు వినడానికి కూడా ఒప్పుకోలేదు. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. అయితే 1974లో అమెరికా కాంగ్రెస్ సమాచార స్వేచ్ఛ చట్టాన్ని సవరిస్తూ ఆ దర్యాప్తు ఫైళ్ళ మినహాయింపుకి కత్తెర వేసింది, వైస్‌బర్గ్ కేసులో వచ్చినలాంటి తీర్పులు ఇక చెల్లకుండా చెయ్యడమే ఉద్దేశమని సెనేట్ చర్చలోనే తేలింది, ఆ చర్చలో ఎడ్వర్డ్ కెనెడీ, అంటే చనిపోయినాయన తమ్ముడు, వైస్‌బర్గ్ కేసు పేరు ఎత్తి మరీ మాట్లాడాడు. అధ్యక్షుడు ఫోర్డ్ వీటో చేశాడు. నవంబరులో కాంగ్రెస్ ఆ వీటోని కూడా తోసేసింది. కొత్త చట్టం 1975 ఫిబ్రవరిలో అమల్లోకి రాగానే వైస్‌బర్గ్ అదే పరీక్ష ఫలితాల కోసం మళ్ళీ దావా వేశాడు.

ఓడిపోయిన కేసు వల్ల చట్టం మారడం అంటే ఇదే. నేను దీన్ని ఎన్నిసార్లు చదివినా విసుగు రాదు.

రెండోసారి ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే కాగితం అడగడంలో ఉన్న బలం అక్కడ కనిపిస్తుంది. కొన్ని కాగితాలు ఇచ్చి, మీరడిగినలాంటి తుది నివేదిక మా దగ్గర లేదు అన్నారు. లేదు అనే మాట లెటర్‌హెడ్ మీద రాసి పంపడం వేరు, ప్రమాణం చేసి చెప్పడం వేరు. 1976లో అప్పీలు కోర్టు, ఆ పరీక్షల గురించి స్వయంగా తెలిసినవాళ్ళని ప్రశ్నించే అవకాశం ఆయనకి ఇవ్వాలంది. కోళ్ళ ఫారం నడిపిన మనిషి తరఫు లాయరు ఎఫ్‌బీఐ ల్యాబ్ వాళ్ళని కూర్చోబెట్టి, ప్రమాణం మీద ప్రశ్నలు అడిగాడు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య ఫైళ్ళ మీద వేసిన ఇంకో దావాలో ఈ ఇద్దరూ దాదాపు 60 వేల పేజీలు బయటికి లాగారు. ఆయన పోగేసిన కాగితాలన్నీ ఇప్పుడు ఫ్రెడరిక్ అనే ఊళ్ళోని హుడ్ కాలేజీలో ఉన్నాయి.

అన్నీ గెలుపులే అనుకోకండి. మరో కేసులో, ఇంకా ఏయే కాగితాలు దాచారనుకుంటున్నావో, ఎందుకనుకుంటున్నావో నువ్వే వివరంగా రాసివ్వమని ప్రభుత్వం ఈయన్ని తిరిగి ప్రశ్నించింది. ఇంతకుముందే చెప్పాను, ఆరోగ్యం బాగాలేదు, మళ్ళీ రాయను అన్నాడు. కోర్టు ఆదేశించినా వినలేదు. కేసు కొట్టేసి, ప్రభుత్వం తరఫు లాయర్ల ఖర్చు ఆయన్నే కట్టమన్నారు. మనవాళ్ళు కొందరు పంతానికి పోయి వాయిదాలకి వెళ్ళకుండా ఉంటారు చూడండి, వాళ్ళకి ఈ కేసు చదివి వినిపించాలి.

మన దేశానికి వస్తే సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ ఒకటుంది. ఇందిరాగాంధీ హత్య మీద జస్టిస్ థక్కర్ కమిషన్ వేశారు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం నివేదిక వచ్చిన ఆరు నెలల్లోపు, ఏం చర్య తీసుకున్నారో చెప్పే పత్రంతో కలిపి, చట్టసభ ముందు పెట్టాలి. 1986లో నివేదిక వచ్చింది. ప్రభుత్వం ఏం చేసిందంటే చట్టాన్నే సవరించింది, అవసరమనుకుంటే నివేదిక సభలో పెట్టక్కర్లేకుండా. తర్వాత 1989లో ఒక పత్రికలో నివేదిక భాగాలు లీకై గొడవ అయ్యాక పార్లమెంటులో పెట్టారు. అక్కడ ఒక మామూలు మనిషి ఓడిపోయిన కేసు తలుపు తెరిచింది, ఇక్కడ తెరిచి ఉన్న తలుపుకి ప్రభుత్వమే సవరణతో గడియ పెట్టింది. తర్వాత ఆ సవరణని తీసేశారు, అది వేరే సంగతి.

ఇప్పుడు "నిజం తేల్చండి" అని వెళ్ళినవాళ్ళ సంగతి. 1999 డిసెంబరులో మెంఫిస్‌లో కింగ్ కుటుంబం వేసిన సివిల్ దావాలో జ్యూరీ వాళ్ళ పక్షానే తీర్పు చెప్పింది. లాయిడ్ జోవర్స్ అనే హోటల్ యజమానీ, ప్రభుత్వ సంస్థలతో సహా ఇంకొందరూ కుట్రలో ఉన్నారని. అడిగిన నష్టపరిహారం 100 డాలర్లు. వినడానికి మహా గొప్ప గెలుపు. కానీ ఆ విచారణలో రెండు పక్షాలకీ పెద్దగా పేచీ లేదు, సాక్ష్యాన్ని గట్టిగా నిలదీసినవాళ్ళు లేరు. ఆరు నెలలు తిరిగేసరికి, 2000 జూన్‌లో, అమెరికా న్యాయశాఖ తన దర్యాప్తు నివేదికలో జోవర్స్ మాటలు నమ్మదగ్గవి కావని తేల్చేసింది. ఇప్పటికీ ఒక వర్గం ఆ తీర్పు చూపిస్తుంది, ఇంకో వర్గం ఈ నివేదిక చూపిస్తుంది. ఎవరూ ఎవరి మాటా వినరు.

మన సుప్రీంకోర్టులో 2017లో గాంధీ హత్యని మళ్ళీ దర్యాప్తు చెయ్యాలని ముంబైకి చెందిన ఒక పరిశోధకుడు పిటిషన్ వేశారు. నాలుగో తూటా ఉందని ఆయన వాదన. కోర్టు మొదటే తోసెయ్యలేదు, సీనియర్ లాయరు అమరేంద్ర శరణ్‌ని అమికస్‌గా, అంటే కోర్టుకి సాయపడే లాయరుగా వేసి పాత రికార్డు చూడమంది. అంటే ఒక రకంగా సొంతంగా పనిచేసే పరిశోధకుడికి కోర్టే న్యాయసాయం ఏర్పాటు చేసినట్టు. ఆయన చూసి మళ్ళీ దర్యాప్తు అక్కర్లేదన్నారు, 2018 మార్చిలో పిటిషన్ కొట్టేశారు. 70 ఏళ్ళ తర్వాత, నిందితులూ సాక్షులూ ఎవరూ లేని కేసుని తిరగదోడమని అడిగితే ఏ కోర్టు మాత్రం ఏం చేస్తుంది? ఆయన వాదనతో నాకు ఏకీభావం లేదు, కానీ ఆయన అదే శక్తిని ఫలానా ఫైలు ఫలానా పేజీ చూపించమనే దానిమీద పెట్టి ఉంటే అందరికీ ఏదో మిగిలేదనిపిస్తుంది.

సరే, నా గొడవకి వస్తాను. నాకు కావలసింది ఒక పాత రాజకీయ హత్య మీద వేసిన విచారణ కమిషన్ నివేదికకి అనుబంధాలు. నివేదిక దొరికింది, అనుబంధాలు లేవు. సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడిగితే వచ్చిన జవాబు రెండు లైన్లు. "సెక్షన్ 8(1)(హెచ్) ప్రకారం దర్యాప్తుకి ఆటంకం కలిగే అవకాశం ఉన్నందున ఇవ్వలేము." నిందితుల్లో ఎక్కువమంది పోయారు, కేసు ముగిసి ఏళ్ళయింది, ఇక ఆటంకం ఎవరికో.

మేడం ఆ జవాబు తీసుకుని, పెన్సిల్‌తో హత్య జరిగిన తేదీ కింద గీత గీసి, పక్కన 8(3) అని రాశారు. చట్టంలో ఆ ఉపసెక్షన్ ఉందని నాకు తెలుసు గానీ దాని పదును తెలీదు. జరిగి 20 ఏళ్ళు దాటిన సంఘటనకి సంబంధించిన సమాచారం అడిగితే ఇవ్వాల్సిందే, మూడంటే మూడు మినహాయింపులు తప్ప: దేశ భద్రతా విదేశీ సంబంధాలూ, చట్టసభల హక్కులూ, మంత్రివర్గ పత్రాలూ. దర్యాప్తుకి ఆటంకం అనే (హెచ్) ఆ మూడింట్లో లేదు. అంటే 20 ఏళ్ళు నిండిన మర్నాడు ఆ సాకు చెల్లదు. రాజకీయ హత్యల మీద పనిచేసేవాళ్ళకి మొత్తం చట్టంలో ఇంతకంటే పనికొచ్చే వాక్యం లేదు. మొదటి అప్పీలు అర పేజీలో అయిపోయింది. నేను రాసి ఉంటే ఆరు పేజీలు అయ్యేది, అందులో ఐదు ఆవేశం.

ఒక చిక్కుంది. కొన్ని సంస్థలకి సెక్షన్ 24 కింద మొత్తంగానే మినహాయింపు ఇచ్చారు, 2011 నుంచి ఆ జాబితాలో సీబీఐ కూడా ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలైతే తప్ప వాళ్ళని అడిగి లాభం తక్కువ. అందుకని అదే కాగితం నకలు ఇంకెవరి దగ్గర ఉంటుందో ఆలోచించాలి: హోంశాఖకి వెళ్ళి ఉంటుందా, కోర్టులో ఎగ్జిబిట్‌గా మార్క్ అయిందా, అసెంబ్లీ లైబ్రరీలో ఉందా. కోర్టు రికార్డు అయితే ఆర్టీఐ దారి కూడా కాదు, ఆ కోర్టు నిబంధనల ప్రకారం కేసుతో సంబంధం లేని మూడో మనిషిగా సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవాలి, అఫిడవిట్ వెయ్యాలి. ఇవన్నీ గుమాస్తాలకి కొట్టిన పిండి. నిజం చెప్పాలంటే ఈ విషయంలో లాయరు కంటే మంచి గుమాస్తా దొరకడం పెద్ద అదృష్టం.

కాగితం సంపాదించడం సగం పని. రెండో సగం ఏంటంటే, ఆ కాగితం చూసి మనం రాసేది మన మెడకి చుట్టుకోకుండా చూసుకోవడం.

న్యూ ఆర్లీన్స్ జిల్లా అటార్నీ జిమ్ గారిసన్ కెనెడీ హత్య కుట్రలో ఉన్నాడని క్లే షా అనే వ్యాపారవేత్త మీద కేసు పెట్టాడు. 1969 మార్చి 1న జ్యూరీ గంటలోపే నిర్దోషి అని చెప్పేసింది. షా ఊరుకోలేదు, తిరిగి గారిసన్ మీద దావా వేశాడు, గారిసన్ ఒక్కడి మీదే కాదు, ఆ దర్యాప్తుకి చందాలిచ్చిన ఊరి పెద్దమనుషుల మీద కూడా. 1974లో షా చనిపోయాడు, దగ్గరి బంధువులెవరూ లేరు, దాంతో లూసియానా చట్టం ప్రకారం ఆ దావా కూడా ఆయనతోనే పోయిందని 1978లో అమెరికా సుప్రీంకోర్టు అంది. ఆయనకి ఒక అన్నో చెల్లెలో ఉండి ఉంటే కథ వేరేలా ఉండేది. మాల్టాలో పాత్రికేయురాలు డాఫ్నీ కరువానా గలీజియాని 2017 అక్టోబరులో కారు బాంబుతో చంపేనాటికి ఆవిడ మీద 40కి పైగా పరువునష్టం దావాలు నడుస్తున్నాయి. ఆవిడ పోయాక వాటిల్లో చాలావాటిని కుటుంబం మోయాల్సి వచ్చింది. నోరు నొక్కడానికి వేసే ఇలాంటి దావాల మీద ఐరోపా యూనియన్ 2024లో ఒక చట్టం తెచ్చింది, దాన్ని ఆవిడ పేరుతోనే పిలుస్తారు.

మన దగ్గర పరువునష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరం కూడా. ఐపీసీ 499, 500 పోయి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356 అయింది, రెండేళ్ళ వరకూ శిక్ష. చాలామంది అనుకునేది ఏంటంటే, రాసింది నిజమైతే చాలు కదా అని. చాలదు. నిజమై ఉండాలి, అది బయటపెట్టడం ప్రజలకి మేలు చేసేదై కూడా ఉండాలి. చనిపోయినవాళ్ళ గురించే కదా రాస్తున్నాం అనుకోవడానికి కూడా లేదు, కుటుంబాన్ని బాధపెట్టే ఉద్దేశంతో చనిపోయిన మనిషి మీద నింద వేసినా అది పరువునష్టమేనని సెక్షన్‌లోనే వివరణ ఉంది. సివిల్ దావాకైతే ఏడాది గడువు, క్రిమినల్ ఫిర్యాదుకి మూడేళ్ళు. మనకి అండ ఏంటంటే 1994 నాటి ఆటో శంకర్ కేసు తీర్పు. కోర్టు రికార్డులతో సహా పబ్లిక్ రికార్డులో ఉన్నదాని ఆధారంగా రాస్తే గోప్యత పేరుతో ఆపలేరని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మళ్ళీ కాగితం దగ్గరికే వస్తున్నాను. రికార్డు చేతిలో ఉంటే మన వాక్యం నిలబడుతుంది.

మేడం నా రాత దిద్దే పద్ధతి చూస్తే ఇది తెలుస్తుంది. "ఫలానా ఆయన చంపించాడు" అని రాస్తే కొట్టేసి, "ఫలానా ఆయన చంపించాడని 14వ ప్రాసిక్యూషన్ సాక్షి కోర్టులో చెప్పాడు. ఆ సాక్ష్యాన్ని కోర్టు నమ్మలేదు" అని రాయించారు. రెండో వాక్యం ఉంటే నా వాదన చప్పబడిపోతుందని నేను గింజుకున్నాను. "అది లేకపోతే మీరు చప్పబడిపోతారు" అన్నారావిడ. ఇప్పుడు చదివితే రెండో వాక్యం ఉన్న పేరానే బలంగా ఉంది, ఎందుకు నమ్మలేదు అనే ప్రశ్న చదివేవాడికే పుడుతుంది.

ఇంకా కేసు నడుస్తోందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. కోర్టు ధిక్కార చట్టం లెక్కలో క్రిమినల్ కేసు అప్పీళ్ళు అయిపోయేదాకా పెండింగే. రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా మీద సమస్తిపూర్‌లో బాంబు పడింది 1975 జనవరి 2న. ఢిల్లీ కోర్టు నలుగురిని దోషులని తేల్చింది 2014 డిసెంబరులో. ఆ తర్వాత వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు. పాత కేసే కదా అని ఇష్టమొచ్చినట్టు రాసేముందు అప్పీలు సంగతి కనుక్కోవాలి.

బొమ్మల విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. జొసయా థాంప్సన్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్ కెనెడీ హత్య మీద పుస్తకం రాస్తూ ఆ హత్యని పట్టిన జప్రూడర్ ఫిల్ములోని ఫ్రేములు వేసుకోవాలనుకున్నాడు. హక్కులు కొనుక్కున్న టైమ్ సంస్థ ఒప్పుకోలేదు. పుస్తకం లాభం మొత్తం ఇచ్చేస్తామని పబ్లిషర్ అన్నా ఒప్పుకోలేదు. చివరికి ఫ్రేములు చూసి బొగ్గుతో బొమ్మలు గీయించి వేశారు. టైమ్ దావా వేసింది. 1968లో న్యూయార్క్ కోర్టు, ఈ హత్య గురించి జనానికి తెలియాల్సిన అవసరం ఉంది, ఇది న్యాయమైన వాడకమే అని కొట్టేసింది. థాంప్సన్ ఆ తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగం మానేసి ప్రైవేట్ డిటెక్టివ్ అయ్యాడు, నాకు తెలిసినంతలో ఈ పిచ్చికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మనుషులతో మాట్లాడటం. ఒక రిటైరైన పెద్దాయన మాటల మధ్యలో "ఆ రోజు బండి నడిపింది ఎవరో నాకు తెలుసులే బాబూ" అన్నాడనుకోండి, అప్పుడు మీరేం చెయ్యాలి? హత్య గురించి తెలిసిన సమాచారం వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పాల్సిన బాధ్యత ప్రతి మనిషికీ ఉందని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 33 అంటుంది, పాత సీఆర్‌పీసీలో అది 39. విన్న పుకారుకీ తెలిసిన సమాచారానికీ గీత ఎక్కడ ఉందో చెప్పగలిగేది లాయరే, అదీ ఆ రోజే. "మీ పేరు ఎప్పటికీ బయటికి రాదు" అని ఎవరికీ మాట ఇవ్వొద్దని మేడం మొదటే చెప్పారు. మన దేశంలో సోర్సుని కాపాడుకునే ప్రత్యేక చట్టం జర్నలిస్టులకే లేదు, ఇక నాలాంటివాళ్ళకి ఎక్కడిది. అమెరికాలో వెనెస్సా లెగెట్ అనే రచయిత్రి ఒక హత్య కేసు మీద పుస్తకం కోసం తీసుకున్న నోట్సూ టేపులూ ఇవ్వనన్నందుకు 2001 జూలై నుంచి 168 రోజులు జైల్లో ఉంది. ఆవిడ సొంతంగా పనిచేసే మనిషి, జర్నలిస్టు కాదు పొమ్మన్నారు. లాయరుతో మనం చెప్పుకున్నది మాత్రం మన సాక్ష్య చట్టం కాపాడుతుంది, కొత్త చట్టంలో అది సెక్షన్ 132. లాయరు దగ్గర వకాలత్ సంతకం పెట్టి మాట్లాడటానికీ, తెలిసిన లాయరుతో పెళ్ళిలో భోజనాల దగ్గర మాట్లాడటానికీ తేడా అక్కడుంది.

డబ్బు. దీని గురించి ఎవరూ రాయరు. 1974 సవరణలో అమెరికా వాళ్ళు చేసిన ఇంకో మంచి పని, సమాచారం కోసం దావా వేసి గెలిస్తే లాయరు ఫీజు ప్రభుత్వం చేత కట్టించే వీలు పెట్టడం. లెసార్ లాంటివాళ్ళు దశాబ్దాలపాటు ఈ కేసులు నడపగలిగారంటే ఆ ఆశ కూడా ఒక కారణం అనుకుంటాను. ఆశే, గ్యారంటీ కాదు. జెఫర్సన్ మోర్లీ అనే పాత్రికేయుడు జార్జ్ జొయానిడెస్ అనే సీఐఏ అధికారి ఫైళ్ళ కోసం 2003లో దావా వేశాడు, లాయరు మళ్ళీ లెసారే. కాగితాలు కొన్ని వచ్చాయి. ఫీజు మాత్రం, దావా వేసిన 15 ఏళ్ళకి, 2018లో అప్పీలు కోర్టు ఇద్దరికొకరు మెజారిటీతో ఇవ్వనంది.

మన దగ్గర ఆ ఆశ కూడా లేదు. సమాచారం ఇవ్వని అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 వరకూ జరిమానా వెయ్యొచ్చు గానీ అది ఖజానాకి పోతుంది, మనకి కాదు. నష్టపరిహారం ఇప్పించే అధికారం కమిషన్‌కి ఉంది, దాన్ని నమ్ముకుని అప్పు చెయ్యకండి. ఉచిత న్యాయసహాయం ఉంది: 1987 చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా అర్హత ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఈ పని చేసే అమ్మాయిల్లో చాలామందికి ఆ సంగతి తెలీదు. నేను ఆ జాబితాలో రాను. మేడం నాతో చేసుకున్న ఒప్పందం ఏంటంటే, డ్రాఫ్టుకి ఇంత, హియరింగుకి ఇంత, "ఎవరు చంపారు" అనే చర్చకి డబుల్.

మొదటి అప్పీలులో 8(3) పనిచేసింది. ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నారు. అనుబంధాల జాబితా ఇచ్చారు, అంటే ఏయే కాగితాలున్నాయో పేర్లు తెలిశాయి. అసలు కాగితాలకి మాత్రం "రికార్డు గదిలో వెతికించాము, కనపడుటలేదు" అని రాశారు. ఫైలు కనపడటం లేదనేది చట్టంలో ఉన్న మినహాయింపు కాదని, వెతకాలని, పోయిందంటే బాధ్యులెవరో తేల్చాలని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన తీర్పు ఒకటుంది. దాన్ని పెట్టి 90 రోజుల గడువులోనే రెండో అప్పీలు వేశాం. అందులో అడిగినవి రెండే: ఒకటి ఆ అనుబంధాలు, రెండోది అవి నిజంగా లేకపోతే, పాత రికార్డులు తీసేసినప్పుడు రాసే రిజిస్టర్లో ఈ ఫైలు నంబరు ఉన్న పేజీ, ఎవరి సంతకంతో తీసేశారో కనిపించేలా. హియరింగ్ తేదీ ఇంకా రాలేదు. ఈలోగా ఆ జాబితాలో ఉన్న ఒక కాగితం సెషన్స్ కోర్టులో ఎగ్జిబిట్ అయినట్టు తీర్పు చివర పట్టికలో కనిపించింది, సోమవారం గుమాస్తా కాపీ దరఖాస్తు వేస్తానన్నాడు.